మేరీ సీకోల్ స్వీయచరిత్ర: పరిచర్యయు వాణిజ్యమును

స్వీయచరిత్రను సాహిత్యముగా పరిశీలించువారికి రెండు చిక్కులు తప్పవు. గ్రంథకర్త చెప్పిన ప్రతి మాటను జరిగిన చరిత్రగా గ్రహించుట మొదటిది. తన్ను గూర్చి తాను చెప్పుకొన్నది గనుక ఆత్మస్తుతి యని త్రోసిపుచ్చుట రెండవది. మొదటి విధముగా చదువువాడు భక్తుడు, రెండవ విధముగా చదువువాడు అభియోక్త. విమర్శకుడు ఈ యిరువురికిని దూరముగా నిలువవలెను. ఇది చెప్పుట సులభమే గాని, ఒక గ్రంథమును ఎదుట పెట్టుకొని ఆచరించుట కష్టము. ఆ కష్టమెట్టిదో చూచుటకై, జమైకా ద్వీపమునుండి వలసవచ్చి తుదకు ఇంగ్లండున నివసించిన మేరీ సీకోల్ అను ఉపచారిక తన జీవితమును గూర్చి 1857వ సంవత్సరమున లండనులో ప్రకటించిన గ్రంథమును ఇచ్చట పరిశీలింపదలచితిమి. దాని పేరును 'అనేక దేశములలో శ్రీమతి సీకోల్ అద్భుత సాహసములు' అని తెలుగున చెప్పవచ్చును.

ఈ గ్రంథమును మేము కొన్ని సంవత్సరములుగా స్నాతకోత్తర తరగతిలో స్వీయచరిత్ర ప్రక్రియను బోధించు సందర్భమున ఉదాహరించుచున్నాము. మొదట దీనిని త్యాగకథగానే బోధించితిమి. ఒకనాడు ఒక విద్యార్థిని లేచి, "అయ్యా, ఈమె యుద్ధభూమిలో దుకాణము పెట్టినది గదా, సరకులమ్మి డబ్బు పుచ్చుకొన్నది గదా, దీనిని సేవ యని యెట్లందుము?" అని ప్రశ్నించెను. ఆనాడు మేమిచ్చిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ధనము మాటను తగ్గించి, సేవ మాటను పెంచి చెప్పితిమి. పిమ్మట గ్రంథమును మరల చదువగా, మేము తగ్గించి చెప్పిన దానిని గ్రంథకర్త్రి ఎచ్చటను దాచలేదని తెలిసినది. ఆ ప్రశ్నకు మేము ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా జీవితరేఖలను సంగ్రహముగా చెప్పుట యవసరము. మేరీ గ్రాంట్ 1805లో జమైకాలోని కింగ్‌స్టన్ నగరమున జన్మించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. తండ్రి స్కాట్లండు దేశీయుడైన సైనికుడు. తల్లి మిశ్రరక్తము గల స్వతంత్ర స్త్రీ. ఆ దీవిలో బానిసత్వము చట్టరీత్యా రద్దగుట 1834లో ఆరంభమై 1838లో సంపూర్ణమైనది గనుక, మేరీ పుట్టుకతో స్వతంత్రురాలైనను ఆమె బాల్యయౌవనములు బానిసలున్న సమాజములోనే గడచినవి. తల్లి కింగ్‌స్టనులో బ్లండెల్ హాల్ అను బసయిల్లు నడుపుచుండెను. అచ్చట దిగు సైనికాధికారులకును నావికులకును జబ్బు చేసినచో ఆమెయే మందిచ్చి ఉపచరించుచుండెను. ఇట్టి స్త్రీలను ఆ దీవిలో 'డాక్ట్రెస్' అని పిలుచువారు. మేరీకి తొలి గురువు తల్లియే. 1836లో ఎడ్విన్ హొరేషియో సీకోల్ అను నాతనిని వివాహమాడెను. 1843లో కింగ్‌స్టను నగరమును కాల్చిన మంటలలో బసయిల్లు నశించెను. 1844లో భర్త మరణించెను. 1850లో జమైకాలో కలరా చెలరేగినపుడు ఆమె రోగులకు ఉపచారము చేసెను. 1851లో పనామా భూసంధిలోని క్రూసెస్ గ్రామమున సోదరుడు ఎడ్వర్డు నడుపు హోటలునకు పోగా అచ్చటికిని కలరా వచ్చెను. 1853లో జమైకాలో ఎల్లో ఫీవరు ప్రబలినపుడు సైనిక వైద్యాధికారులు కోరగా అప్ పార్కు శిబిరమున ఉపచారికలను ఏర్పాటు చేసెను.

క్రిమియాలో రష్యాతో యుద్ధము జరుగుచుండగా, 1854లో ఆమె లండను చేరి, ఉపచారికగా తన్ను యుద్ధభూమికి పంపుమని అధికారులను వేడుకొనెను. ఎవరును అంగీకరింపలేదు. అంతట భర్త బంధువైన థామస్ డే యను వర్తకునితో కూడి, సొంత ఖర్చుతో ప్రయాణము చేసి, 1855లో బాలక్లావా రేవునకు సమీపమున స్ప్రింగ్ హిల్ అను చోట 'బ్రిటిష్ హోటల్' అను భోజనశాలయు దుకాణమును కలిసిన యింటిని కట్టెను. కొట్టుకొనివచ్చిన కొయ్యలు, సరకుల పెట్టెల పలకలు, ఇనుపరేకులు దాని సామగ్రి. 1856 మార్చిలో ప్యారిస్ సంధి జరిగి సైన్యములు తరలిపోగా, కొన్న సరకు అమ్ముడుపోక, అప్పులు తీరక, ఆమె లండనుకు తిరిగివచ్చి ఆ యేడే దివాలా తీసెను. మాజీ సైనికులును పత్రికలును ఆమె పక్షమున చందాలు పోగుచేసిరి. 1857 జూలైలో ఆమెకై రాయల్ సర్రే గార్డెన్స్‌లో గొప్ప సంగీతోత్సవము జరిగెను. గ్రంథము వెలువడినదియు ఆ నెలలోనే. ఆమె 1881 మే 14వ తేదీన లండనులో మరణించెను.

ఆ తరువాత దాదాపు నూఱేండ్లు ఆమె పేరు మఱుగున పడినది. 1973లో లండనులోని ఆమె సమాధి పునరుద్ధరింపబడెను. 1984లో జిగ్గీ అలెగ్జాండర్, ఆడ్రీ డ్యూజీ అను నిరువురు పరిశోధకురాండ్రు గ్రంథమును మరల అచ్చొత్తించిరి. 2004లో బ్రిటనులోని నల్లజాతి ప్రముఖులలో అగ్రస్థానమునకు ప్రజలు ఆమెను ఎన్నుకొనిరి. 2016లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణమున ఆమె విగ్రహము నెలకొల్పబడెను. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో నర్సుల శిక్షణాలయమును స్థాపించినది ఆ యాసుపత్రిలోనే యగుటచే వివాదము పెద్దదైనది. నైటింగేల్ రచనల సంపుటములకు సంపాదకురాలైన లిన్ మెక్‌డానల్డ్ 2014లో ప్రకటించిన గ్రంథమున, సీకోల్ వర్తకురాలే గాని ఆసుపత్రి నర్సు కాదనియు, ఆమె కీర్తి కల్పితమనియు వాదించెను. నైటింగేల్ 1870లో తన అక్క భర్తకు వ్రాసిన ఆంతరంగికమైన లేఖ యొకటి ఈ పక్షమువారికి సాక్ష్యము. సీకోల్ సైనికులకు దయ చూపి కొంత మేలు చేసినదని ఒప్పుకొనుచునే, ఆమె యున్నచోట త్రాగుబోతుతనము పెరిగినదని నైటింగేల్ అందులో ఆక్షేపించెను. ఇంకొక పక్షమువారు సీకోల్‌ను నైటింగేలునకు సమానురాలిగా, కొందరు అధికురాలిగా కూడ నిలిపిరి.

ఈ రెండు పక్షములవారును గ్రంథమును ఒకే ప్రశ్న యడుగుచున్నారని మా యభిప్రాయము. 'ఈమె నర్సా, వర్తకురాలా?' అనునదే ఆ ప్రశ్న. ఒకరు ఒక జవాబును, మఱొకరు రెండవ జవాబును గ్రంథమునుండి పిండుకొనిరి. గ్రంథమున కది స్వంత ప్రశ్న కాదు. దానిని గ్రహించుటకు గ్రంథరూపమును ముందు పరిశీలింపవలెను.

గ్రంథమున భాగములు పొందిన నిడివి మొదట గమనింపదగినది. పుట్టుక, బాల్యము, విద్య, వివాహము, వైధవ్యము అన్నియు మొదటి ప్రకరణములోనే ముగిసినవి. పుట్టిన సంవత్సరము చెప్పక, స్త్రీని గనుకను వితంతువును గనుకను క్షమింపదగుదునని చమత్కారముగా దాటవేసెను. దాంపత్యమునకు కొన్ని వాక్యములే దక్కినవి. పనామాలో గడపిన కొద్దికాలమునకు పలు ప్రకరణములు, క్రిమియాకు గ్రంథములో సగమునకు పైగా లభించినవి. తన అంతరంగ వికాసమును చెప్పదలచిన రచయిత ఇట్లు పంచడు. రెండవది, క్రిమియా కథ నడుమ వైద్యులును సైనికులును ఆమె కిచ్చిన ప్రశంసాపత్రములు ఒకదానివెంట నొకటి చేర్చబడినవి. కథాగమనమున కవి అడ్డు. సాహిత్యరుచి గల సంపాదకుడు వానిని తొలగించియుండును. మూడవది, గ్రంథము మేజర్ జనరల్ లార్డ్ రోక్‌బీకి అంకితమైనది. దానికి పీఠిక వ్రాసినవాడు టైమ్స్ పత్రికకు క్రిమియా వార్తలు పంపి ప్రసిద్ధికెక్కిన విలియం హోవర్డ్ రస్సెల్. సంపాదకుని పేరు పొడి యక్షరములలో మాత్రమే కలదు. దొడ్డ సేనాని నీడ, ప్రసిద్ధ విలేకరి పూచీ, వైద్యుల సాక్ష్యము: ఇన్ని ఆసరాలు కూర్చుకొని నిలిచిన గ్రంథమిది.

ఈ లక్షణములు విజ్ఞాపనకు చెందినవి. ఆమె బ్రిటిష్ ప్రజకు పెట్టుకొన్న అర్జీ యిది. దివాలా తీసిన వ్యక్తి తన నష్టము ఎందువలన కలిగినదో, తాను ఎవరికి ఏమి చేసినదో, తన్ను ఆదుకొనుట ఎందుకు న్యాయమో తెలుపుచు వ్రాసినది. అర్జీలో బాల్యము క్లుప్తమగును, సేవ విస్తరించును, సాక్షుల సంతకములు చేరును. ఈ ప్రక్రియాభేదమును గుర్తింపనిచో, ఆత్మపరీక్ష లేదను లోపమునో, ప్రగల్భములు కలవను నిందనో గ్రంథమునకు అంటగట్టుదుము. మన వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రలోను వివాదముల సమాచారమును, సమాజకార్యముల వృత్తాంతమును విశేషముగ నున్నవి. అది కూడ లోకము ఎదుట పెట్టిన లెక్కయే. అయినను పంతులుగారు తమ సొంత సమాజములో పేరుపొందిన పండితులుగా ఆ లెక్క చెప్పిరి. వారికి పూచీదారులు అక్కఱలేకపోయిరి. సీకోల్‌కు పూచీదారులు లేనిదే నోరు విప్పుటకు వీలులేదు. ఈ భేదము ఇరువురి శైలులను నిర్ణయించినది.

అర్జీ యను నీ భావన సరియైనదో కాదో పరీక్షించుటకు, అవమానమును వర్ణించిన రెండు ఘట్టములను పక్కపక్కన పెట్టి చూడవచ్చును. మొదటిది క్రూసెస్‌లో జరిగినది. అమెరికనులు తమ స్వాతంత్ర్యదినమున విందు చేసికొనుచు, కలరాలో తమకు తోడ్పడినందుకు సీకోల్‌ను పొగడిరి. పొగడ్త నడుమ వారిలో ఒకడు, ఆమె చర్మమును తెల్లబఱచు ఉపాయముండినచో చేయుదుమని పలికెను. ఆమె వెంటనే లేచి, తన రంగు ఇంకను నల్లగా నుండినను తనకు చింతలేదనియు, అట్టి తెలుపుతో వచ్చు గౌరవము తనకు వలదనియు సమాధానము చెప్పెను. ఇంటికి తిరిగిపోవునపుడు అమెరికా ఓడలోని స్త్రీలు తమతో ఆమె ప్రయాణించుట కిష్టపడక పోగా, ఓడ దిగిపోయి ఇంగ్లీషు ఓడకై వేచియుండిన సంగతియు ఆమె సూటిగా వ్రాసెను. రెండవ ఘట్టము 1854లో లండనున జరిగినది. యుద్ధశాఖ, వైద్యశాఖ, నర్సులను ఎన్నుకొను ప్రముఖుల యిండ్లు, క్రిమియా నిధి నిర్వాహకులు — అన్ని వాకిళ్ళును ఆమె యెదుట మూసికొనిపోయినవి. ఆనాటి సాయంకాలము, జనము పలచబడుచున్న వీథిలో నిలువబడి ఆమె కన్నీరు కార్చెను. అమెరికాలోని వర్ణద్వేషము ఇచ్చటను వేళ్ళూనినదా యని అప్పుడు తన్ను తాను ప్రశ్నించుకొన్నట్లు వ్రాసెను.

రెండు చోట్లను గాయమొకటియే. అమెరికనుల విషయమున ఆమె వాక్యము నిందారూపమున నున్నది. ఆంగ్లేయుల విషయమున ప్రశ్నారూపమును దాల్చినది. ఈ భేదమునకు ధైర్యలోపము కారణమని మేము తలంపము. ఎవరికి అర్జీ పెట్టుకొనుచున్నదో వారినే నిందించుట అర్జీదారునకు సాధ్యము కాదు. అయినను ఆమె ఆ సంగతిని విడిచిపెట్టలేదు. జవాబు చెప్పవలసిన భారమును పాఠకునిపై నుంచి ముందుకు సాగినది. గ్రంథము కొని చదివిన ఆంగ్లేయుడు ఆ వీథిలో ఆమె పక్కన ఒక్క నిమిషమైనను నిలువక తప్పలేదు. గ్రంథమంతటిలో సాహిత్యగౌరవము మిక్కిలిగా కల ఘట్టమిదియే యని మా నిశ్చయము.

ఇక పరిచర్యకును వాణిజ్యమునకును గల సంబంధమును విచారింతము. సీకోల్ పెరిగినది ఆసుపత్రిలో కాదు, బసయింటిలో. మన పల్లెపట్టణములలోని పూటకూళ్ళ యిల్లు ఎఱిగినవారికి ఆ వాతావరణము కొంత ఊహింపవచ్చును. బాటసారి వచ్చును, పడక అడుగును, అన్నము అడుగును, డబ్బిచ్చును. జ్వరము వచ్చినచో ఆ యింటి యామెయే కషాయము కాచి యిచ్చును. జమైకాలో డాక్ట్రెస్ స్త్రీలు ఈ మూడు పనులను ఒకే జీవనోపాధిగా నడపిరి. పడక యొక పద్దు, భోజనమొక పద్దు, మందొక పద్దు. ఇవ్వలేనివాని పద్దు గోడమీదనే యుండిపోవును. నర్సు వేఱు, వర్తకురాలు వేఱు అను విభజనము శిక్షణాలయములును ఆసుపత్రులును బలపడిన పిమ్మట స్థిరపడినది. దానిని సీకోల్ తల్లికి చెప్పినచో ఆమెకు అర్థమై యుండదు.

ఈ దృష్టితో చదివినచో క్రిమియా ప్రకరణములలోని దినచర్య స్పష్టమగును. తెల్లవాఱకముందే లేచి, కోళ్ళను శుభ్రముచేసి, కాఫీ సిద్ధముచేసి, అధికారులకు అల్పాహారము పెట్టి, ప్రొద్దెక్కినవేళ రోగులను చూచెడిది. వచ్చువారిలో రవాణాదళమువారును, సైన్యమునకై పనిచేయు కూలీలును అధికులు. బియ్యపు పుడ్డింగు వండు దినములలో పాలు దొరకకున్నను ఆ లోటు తెలియనీయలేదని గర్వముగా చెప్పుకొన్నది. పోరు జరుగు దినములలో మందులు, కట్టుగుడ్డలు, తినుబండములు సంచులలో నింపుకొని రణరంగమునకే పోయినది. గాయపడినవానికి కట్టు కట్టి, పక్కనున్నవానికి రొట్టె యమ్మినది. రెండును ఒకే ప్రయాణమున, ఒకే సంచినుండి జరిగినవి. వీనిలో ఒకదానిని నిజమనియు మఱొకదానిని ముసుగనియు చెప్పుటకు గ్రంథమున ఆధారము లేదు. మద్యమమ్మినదనుట నిజము, ఆమె దానిని దాచలేదు. యుద్ధాంతమున కొనువారు లేక మిగిలిన ద్రాక్షసారాయి పెట్టెలను రష్యనులకు ఊరక వదలుట యిష్టములేక సుత్తితో పగులగొట్టితినని కూడ ఆమెయే వ్రాసెను.

అర్జీ వ్రాయువారికి తమ తప్పులు చెప్పవలసిన పని లేదు. అయినను ఈ గ్రంథమున తప్పులు చెప్పిన చోటు కలదు. అది క్రూసెస్ కలరా వృత్తాంతము. గ్రంథము యొక్క సత్యసంధతకు మేమిచ్చు ముఖ్యసాక్ష్యము అదియే. ఆ కాలమున కాలిఫోర్నియా బంగారమునకై పోవు జనము పనామా భూసంధి మీదుగా నడచుచుండెను; 1855లో రైలుమార్గము పూర్తియగు వఱకు క్రూసెస్ వంటి నదీతీర గ్రామములే వారికి మజిలీలు. సోదరుని మిత్రుడొకడు హోటలులో భోజనముచేసి యింటికిపోయి హఠాత్తుగా మరణించగా, విషప్రయోగమని వదంతి పుట్టెను. సీకోల్ శవమును చూచి, అది కలరాయని చెప్పెను. ఊరివారు నమ్మలేదు, మఱికొందరు పడిపోయిన పిమ్మట నమ్మిరి. ఊరిలో వైద్యుడు లేడు. ఒక దంతవైద్యుడుండినను మందియ్యుటకు జంకెను. ఆమె మూసియున్న గుడిసెల తలుపులు తెఱపించి గాలి రానిచ్చెను. ఆవపిండి పట్టులు వేసెను. కడుపు కడుగుటకు వాంతి మందును, కాలొమెల్ అను పాదరసపు మందును ఇచ్చెను. దాహమునకు దాల్చినచెక్క వేసి కాచిన నీటిని త్రాగించెను.

కలరా అంటువ్యాధియా కాదా యని వైద్యులే తగవులాడుకొనుచున్న కాలమది. చెడుగాలివలన వచ్చునను మతము బలముగా నుండెను. జాన్ స్నో కలరా నీటివలన వ్యాపించునని 1849లో వ్రాసి, 1854లో లండను బ్రాడ్ వీథి పంపును సాక్ష్యముగా చూపెను. రాబర్ట్ కోఖ్ ఆ క్రిమిని గుర్తించుట 1883, 1884 సంవత్సరములలో ఈజిప్టునందును కలకత్తాయందును జరిగినది. సీకోల్ మాత్రము అనుభవముచేత కలరాను అంటువ్యాధిగా నిశ్చయించి, ఆ మాట గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. ఆమె మందులలో కొన్ని నేటి దృష్టిచే హానికరములు. కలరాలో శరీరము కోల్పోవు నీటిని, లవణములను తిరిగి యిచ్చుట ప్రధానమని నేడు ఎఱుగుదుము. వాంతి చేయించుట, పాదరసమిచ్చుట అందుకు విరుద్ధము. కాచిన నీటిని త్రాగించుట అనుకూలము. ఆనాడు పట్టభద్రులైన వైద్యులును ఇవే మందులు వాడిరని మఱువరాదు.

ముఖ్యాంశము ఇంకను ముందున్నది. తాను ఘోరమైన పొరపాట్లు చేసితిననియు, తరువాత తెలిసినదానిని ముందే యెఱిగియుండినచో కొందరు రోగులు బ్రదికియుండెడివారనియు ఆమె ఒప్పుకొనెను. ఒకే మందు అందరి దేహములకు సరిపడదని నేర్చుకొన్నట్లు చెప్పెను. తన చేతులలో మరణించిన ఏడాది వయసు అనాథశిశువు కళేబరమును, పాతిపెట్టుటకు నియమితుడైన వానికి డబ్బిచ్చి, రాత్రివేళ నదీతీరమున కోసి పరీక్షించిన వృత్తాంతమును కూడ వ్రాసెను. ఆ పరీక్షలో తెలిసినది వైద్యుల కందరికి తెలిసినదే యని తానే అనుచు, తనకు మాత్రము ఉపకరించినదని చెప్పెను. అనుమతి యిచ్చుటకు ఎవరును లేని శిశువు విషయమున ఇట్టి కార్యము నేటి వైద్యనీతికి ఒప్పదు. చదువునపుడు మాకును మనస్సు కలుక్కుమన్నది. ఆమెకును సంకోచము లేకపోలేదని ఆ వర్ణన తెలుపుచున్నది. చందాలకై వ్రాయు అర్జీలో ఈ ఘట్టము లాభమునకంటె నష్టమునే కలిగించును. అయినను వ్రాసినది. గ్రంథకర్త్రి తన ప్రయోజనమునకు విరుద్ధముగా పలికిన చోట ఆమె మాటకు బరువు హెచ్చు అను న్యాయమును అనుసరించినచో, ఆమె నిజముగా రోగమును తెలిసికొనగోరిన వైద్యురాలని ఈ ఘట్టమే రుజువు చేయుచున్నది. ప్రశంసాపత్రములన్నియు కలిసినను ఇంత చేయలేవు.

దోషములను విడిచిపెట్టుట న్యాయము కాదు. వర్ణద్వేషముచే బాధపడిన ఈ రచయిత్రి ఇతరులను చూచు దృష్టి అన్నివేళల ఉదారముగా లేదు. గ్రీకులను, తురుష్కులను, పనామాలోని స్థానికులను గూర్చిన ఆమె మాటలు పలుచోట్ల అపహాస్యములు. తన్ను క్రియోలుగా చెప్పుకొని గర్వించుచు, తన స్కాట్ రక్తమునే తన యుద్యోగశీలమునకు కారణముగా చూపెను. న్యూ గ్రెనడాలో భాగమైన పనామాలో, అమెరికనుల దాస్యమునుండి తప్పించుకొనివచ్చిన నల్లవారు అధికారపదవులలో నుండుట చూచి సంతోషించినను, జమైకాలో తన కన్నులయెదుట సాగిన బానిసత్వమును గూర్చి ఆమె చెప్పినది అత్యల్పము. ఇది కూడ అర్జీ స్వభావమే యనవచ్చును. బ్రిటిష్ ప్రజకు వారి పాపమును గుర్తుచేయుట చందాలకు మేలు చేయదు. అయితే కారణము తెలిసినంత మాత్రమున లోపము పోదు.

మన దేశీయుల కింకొక సంగతి తలపునకు రాకమానదు. గ్రంథము వెలువడిన 1857వ సంవత్సరముననే ఉత్తర భారతమున తిరుగుబాటు చెలరేగినది. ఆమె గాయపడిన సైనికులకు ఉపచారము చేయుటకై హిందూదేశమునకు రాదలచెను. యుద్ధమంత్రి లార్డ్ పాన్‌మ్యూర్ వారించుటచేతను, ధనాభావముచేతను రాలేకపోయెను. వచ్చియుండినచో ఏ శిబిరమున దిగియుండెడిదో ఊహించుట కష్టము కాదు. ఆమె 'నా బిడ్డలు' అని పిలిచినది బ్రిటిష్ సైనికులను. ఆ ప్రేమ నిజమైనది. ఆ సైనికుల తుపాకులు ఎవరిపై గుఱిపెట్టబడినవో ఆమె విచారింపలేదనుటయు నిజము. ఆమెను స్వాతంత్ర్యవీరగా చిత్రింపబూనిన నవీన రచనలు ఈ సంగతిని దాటిపోవరాదు.

ఈ పరిశీలనమువలన తేలిన విషయములను క్రోడీకరింతము. సీకోల్ స్వీయచరిత్ర విజ్ఞాపనరూపమైన రచన. దాని మౌనములును, దాని విస్తారములును ఆ రూపమునుండి పుట్టినవి. అందు పరిచర్యయు వాణిజ్యమును విడదీయరానివిగా నున్నవి. ఏలయన ఆమె వచ్చిన సంప్రదాయమున అవి విడిపోయి లేవు. విగ్రహము నిలిపినవారు వాణిజ్యమును గూర్చి సంకోచింప నక్కఱలేదు. విగ్రహమును ఆక్షేపించినవారు వాణిజ్యమును కనిపెట్టితిమని గర్వింప నక్కఱలేదు. ఆమెయే దానిని నూట డెబ్బదియేండ్లనాడు అచ్చొత్తించినది. నైటింగేల్‌తో పోలిక వలదని మా మనవి. వ్యవస్థను నిర్మించినవారు ఒకరు. వ్యవస్థ తలుపు మూసినపుడు దాని వెలుపల పనిచేసినవారు మఱొకరు.

నేడు మన జిల్లాలనుండియు నర్సులు గల్ఫ్ దేశములకును బ్రిటనుకును పోవుచున్నారు. ఇంటి యప్పులు తీర్చుటకు పోవుదురు. అచ్చట పరాయివారి మలమూత్రములెత్తి వారిని బ్రదికింతురు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు ఇంగ్లండులో, ఆ వ్యాధినుండి కోలుకొనువారికై సర్రే ప్రాంతమున నెలకొల్పిన వైద్యశాలకు సీకోల్ పేరు పెట్టిరి. అట్టి స్త్రీలను త్యాగమూర్తులని స్తుతించి జీతము మాట యెత్తకుండుట, జీతము పుచ్చుకొన్నారు గనుక సేవ కాదనుట — రెండును ఒకే అన్యాయమునకు రెండు ముఖములు. తరగతిలో ప్రశ్నించిన విద్యార్థినికి మేము ఆనాడే చెప్పవలసిన మాట యిది: ఆమె డబ్బు పుచ్చుకొన్నది, సేవయు చేసినది, మొదటిదానిని చెప్పుటకు ఆమె సిగ్గుపడలేదు గనుక, మనమును సిగ్గుపడ నక్కఱలేదు.

మన భాషలో స్త్రీలు వ్రాసిన స్వీయచరిత్రలపై పరిశోధన చేయదలచువారు, గ్రంథములోని 'నేను' ఎవరికి లెక్క చెప్పుచున్నదో, ఎవరి పూచీమీద చెప్పుచున్నదో, తన ప్రయోజనమునకు విరుద్ధముగా ఎచ్చట పలికినదో ముందుగా గుర్తించి, పిమ్మటనే సత్యాసత్యవిచారమునకు పూనుకొందురు గాక యని మా విన్నపము.